ఒంటారియోలో కంపెనీ పెట్టాలంటే: సర్టిఫికెట్ తర్వాతే ఉంది అసలు పని

కెనడాలో కంపెనీ రిజిస్టర్ చేయడానికి రెండు దారులు: ఫెడరల్‌గా, అంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయొచ్చు, లేదా మీ ప్రావిన్స్‌లో (అంటే రాష్ట్రంలో) చేయొచ్చు. ఆన్‌లైన్‌లో ఫెడరల్ ఫీజు 200 డాలర్లు, ఒంటారియోది 300. ఆ వంద మిగులుతుంది కదా అని చాలామంది ఫెడరల్ వైపు వెళ్తారు. కానీ ఒంటారియోలో వ్యాపారం చేస్తే ఆ కంపెనీ ఇక్కడా ఇనిషియల్ రిటర్న్ (డైరెక్టర్లు, అడ్రస్ వివరాలు చెప్పే మొదటి ఫారం) వేయాలి, ఆపైన డైరెక్టరో అడ్రసో మారిన ప్రతిసారీ రెండు ప్రభుత్వాలకీ చెప్పుకోవాలి. బ్రాంప్టన్‌లో టిఫిన్ సెంటరో, ఇంట్లోంచి చేసే ఐటీ కాంట్రాక్టో అయితే నా ఓటు ప్రావిన్స్‌కే. దేశంలో ఎక్కడైనా మీ కంపెనీ పేరుతోనే వ్యాపారం చేసుకోవాలి అనుకుంటేనే ఫెడరల్ గురించి ఆలోచించండి.

ఇంకో తేడా కూడా ఉంది. ఫెడరల్ కంపెనీకి డైరెక్టర్లలో నాలుగోవంతు మంది కెనడాలో ఉండే సిటిజన్లో పీఆర్‌లో (శాశ్వత నివాసులు) అయి ఉండాలి, నలుగురికంటే తక్కువుంటే కనీసం ఒకరు. ఒంటారియో ఈ షరతును 2021 జూలై 5న ఎత్తేసింది. అందుకే వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లూ ఇక్కడ సొంతంగా డైరెక్టర్ కావచ్చు. అయితే కంపెనీకి ఓనర్ కావడం వేరు, అందులో పని చేయడానికి అనుమతి ఉండటం వేరు. మీ పర్మిట్ ఒకే యజమానికి కట్టేసిన క్లోజ్‌డ్ పర్మిట్ అయితే, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి తర్వాతే అడుగేయండి.

పేరు దగ్గరే టైమ్ ఎక్కువ పోతుంది. పేరులో మూడు ముక్కలుండాలి: మీకంటూ గుర్తింపునిచ్చే మాట, చేసే పని చెప్పే మాట, చివర ఇంక్, లిమిటెడ్, కార్ప్ లాంటి తోక. ‘గోంగూర ఫుడ్స్ ఇంక్’ అనుకోండి, మూడూ ఉన్నాయి. ఆ పేరుకి నువాన్స్ రిపోర్టు (అలాంటి పేర్లు ముందే ఉన్నాయేమో వెతికి ఇచ్చేది) తీయించాలి, అందులోనూ ఒంటారియో కోసం తీసేది. దగ్గరదగ్గరగా ఉన్న కంపెనీ పేర్లు, ట్రేడ్‌మార్కులు అన్నీ వరసగా అందులో వస్తాయి. రిపోర్టు 90 రోజులే చెల్లుతుంది. దాన్ని చదివే బాధ్యత మీదే, సర్టిఫికెట్ వచ్చేసింది కదా అని పేరు ఖాయమైపోయినట్టు కాదు, ఎవరైనా అభ్యంతరం పెడితే తర్వాత మార్చమనే అవకాశం ఉంది. శ్రీ, సాయి, బాలాజీ లాంటి పేర్లు పెట్టాలనుకునేవాళ్లు ఆ లిస్టు రెండుసార్లు చదవాలి.

ఈ గొడవంతా వద్దంటే నంబర్ కంపెనీ పెట్టేయండి. ప్రభుత్వమే ఒక పొడవాటి నంబరిచ్చి పక్కన ‘ఒంటారియో ఇంక్’ అని పెడుతుంది, నువాన్స్ అక్కర్లేదు. తర్వాత బోర్డు మీదకి అందమైన పేరు కావాలంటే 60 డాలర్లతో బిజినెస్ నేమ్ రిజిస్టర్ చేసుకోవచ్చు, ఐదేళ్లు ఉంటుంది. ఐటీ కాంట్రాక్టర్లకి ఇదే హాయి, ఎందుకంటే క్లయింట్ చూసేది మీ పని, మీ కంపెనీ పేరు కాదు.

ఇక ఒంటారియో బిజినెస్ రిజిస్ట్రీలో అకౌంట్ తెరిచి ఆర్టికల్స్, అంటే కంపెనీని పుట్టించే పత్రం, నింపాలి. రిజిస్టర్డ్ ఆఫీస్ అడ్రస్ ఒంటారియోలోనే ఉండాలి, పోస్ట్ బాక్స్ నంబరు ఒక్కటీ ఇస్తే చాలదు. డైరెక్టర్‌కి 18 ఏళ్లు నిండాలి, దివాలా తీసి ఉండకూడదు. వ్యాపారం మీద ఆంక్షలేమైనా ఉన్నాయా అన్న చోట ‘లేవు’ అని రాస్తే సరిపోతుంది. కాస్త ఆలోచించాల్సింది షేర్ల దగ్గర. ఒకే రకం కామన్ షేర్లు పెట్టేసి, రెండేళ్ల తర్వాత భార్యకో పార్ట్‌నర్‌కో వేరే డివిడెండ్ ఇవ్వాలనుకుంటే ఆర్టికల్స్ మార్చాలి, మళ్లీ ఫీజు. మొదటే రెండు మూడు తరగతుల షేర్లు రాసి పెట్టుకుంటే అదనంగా ఒక్క పైసా ఖర్చు లేదు. (2018 నుంచి ఇంట్లోవాళ్లకి డివిడెండ్లు పంచి పన్ను తగ్గించుకోవడం మీద గట్టి రూల్స్ ఉన్నాయి, షేర్లు ఇచ్చినంత మాత్రాన పన్ను తగ్గిపోదు.)

చాలామంది సర్టిఫికెట్ ఈమెయిల్‌లో రాగానే పని అయిపోయిందనుకుంటారు. ఆర్టికల్స్‌లో షేర్ల గురించి రాయడం వేరు, మీ పేరు మీద ఇష్యూ చేయడం వేరు. బైలాస్ (కంపెనీ లోపలి నియమాలు), డైరెక్టర్ తీర్మానాలు, షేర్ల రిజిస్టర్ అన్నీ మినిట్ బుక్ అనే కంపెనీ రికార్డుల పుస్తకంలో ఉండాలి. 25 శాతం లేదా అంతకన్నా ఎక్కువ షేర్లున్నవాళ్ల వివరాల రిజిస్టర్ కూడా 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఇవన్నీ ఎవరికీ పంపక్కర్లేదు, అందుకే ఎవరూ రాయరు, తీరా కంపెనీ అమ్మేటప్పుడో లోన్ అడిగినప్పుడో లాయర్ మొదట అడిగేది ఆ పుస్తకమే. ఇక కంపెనీ పెట్టిన 60 రోజుల్లోపు ఇనిషియల్ రిటర్న్ వేయాలి. కంపెనీ కీ అనేది రిజిస్ట్రీలో మీ కంపెనీకి పాస్‌వర్డ్ లాంటిది, అకౌంటెంట్ దగ్గరే వదిలేయకండి.

పన్నుల సంగతికొస్తే, వరుసగా నాలుగు క్వార్టర్ల అమ్మకాలు 30,000 డాలర్లు దాటితే హెచ్‌ఎస్‌టీకి (అమ్మకపు పన్ను) రిజిస్టర్ చేయాలి, ఇక్కడ అది 13 శాతం. ఉబర్ లాంటివి నడిపేవాళ్లకి ఈ 30,000 మినహాయింపు లేదు, మొదటి రైడ్ నుంచే. ఐటీ వాళ్లు జాగ్రత్త: ఒకే క్లయింట్, వాళ్ల లాప్‌టాప్, వాళ్ల మేనేజర్, వాళ్ల టైమింగ్స్ అయితే పన్ను శాఖ మీ కంపెనీని ‘పర్సనల్ సర్వీస్ బిజినెస్’, అంటే పేరుకే కంపెనీ, నిజానికి ఉద్యోగమే, అనొచ్చు. అప్పుడు చిన్న వ్యాపారాల తక్కువ రేటు పోయి, ఒంటారియోలో 44.5 శాతం పడుతుంది, ఖర్చులు కూడా చాలావరకు ఒప్పుకోరు. కాంట్రాక్టు సంతకం చేయకముందే అది అకౌంటెంట్‌కి చూపించండి.

రూపాయి రాకపోయినా కంపెనీ పన్ను రిటర్న్ వేయాలి, ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోపు. మొదటి సంవత్సరం ఎప్పుడు ముగియాలో మీరే ఎంచుకోవచ్చు, 53 వారాలు దాటకపోతే చాలు. అదే ఆరు నెలల్లో రిజిస్ట్రీలో యాన్యువల్ రిటర్న్ కూడా వేయాలి, ఇది పన్ను రిటర్న్ కాదు, వేరే. గడువు దగ్గర పడేసరికి సర్కారు కాగితంలా కనిపించే ఉత్తరాలు కొన్ని ఇంటికొస్తాయి, ఇంత ఫీజు కట్టండి అని. ఆన్‌లైన్‌లో మీరే వేసుకుంటే యాన్యువల్ రిటర్న్‌కి ఫీజు లేదు.