గోల్కొండ గోడ మీద పేరు గీకేవాడు కనిపిస్తే ఏం చేయాలి

గోల్కొండ ఎక్కినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కొండ మీది కోట బాలా హిస్సార్‌కు పోయే దారి పొడుగునా, పైన బారాదరి మండపం దగ్గరా, చెయ్యి అందినంత మేర పేర్లే. బాణం గుచ్చిన గుండెలు, బ్యాచ్ సంవత్సరాలు, ఎవరో అరిస్తే సగంలో ఆపేసినట్టున్న అక్షరాలు. ఇలాంటి ఫొటో ఫోన్‌లో కనిపిస్తే అందరం "వీళ్ళని జైల్లో వెయ్యాలి" అని రాసేస్తాం, అదే కళ్ళ ముందు ఒకడు తాళంచెవి తీసి గీకుతుంటే మాత్రం మనకెందుకులే అని అటు తిరిగి సెల్ఫీ దిగుతాం. నేనూ చాలాసార్లు అంతే. ఈమధ్య నోరు తెరవడం కొంచెం కొంచెం నేర్చుకున్నాను, పని చేసినవేవో చెయ్యనివేవో రాస్తున్నా.

ముందు ఏం పాడవుతోందో తెలిసుండాలి, లేకపోతే మాట నోటికి రాదు. అక్కడి రాయి గ్రానైట్, తాళంచెవికి లొంగదు. గీకేదంతా దాని మీదున్న సున్నపు గచ్చుని. నున్నటి పైపొర తెగితే వాన నీళ్ళు లోపలికి దిగుతాయి, ఆ తర్వాత పెచ్చులు ఊడటం మొదలవుతుంది. మార్కరు మరకని నిపుణులు రసాయనాలతో కొంతైనా తీయగలరు. గీత అలా కాదు, మళ్ళీ సున్నంతో పూడ్చాలి, ఎంత బాగా పూడ్చినా అది అతుకే. అన్నట్టు, మీరు మాత్రం మంచినీళ్ళో శానిటైజరో పోసి తుడవబోకండి, మరక ఇంకాస్త లోపలికి పోతుంది.

ఇక మాట్లాడటం. మొదటి అక్షరం పడుతుండగానే అడగాలి, పేరు మొత్తం అయ్యాక తిడితే మన కోపం తీరుతుందేమో గానీ గోడకు ఒరిగేదేం లేదు. గొంతు పెంచొద్దు. "తమ్ముడూ, అది 400 ఏళ్ళ నాటి సున్నం, వదిలెయ్" అంటే చాలామంది నిజంగానే ఉలిక్కిపడి చెయ్యి తీసేస్తారు. అది అంత పాతదని వాళ్ళకు తట్టదు. 2023లో రోమ్‌లో రెండు వేల ఏళ్ళ నాటి కొలోసియం గోడ మీద తనదీ, తన గర్ల్‌ఫ్రెండ్‌దీ పేర్లు చెక్కి దొరికిపోయినాయన కూడా క్షమాపణ ఉత్తరంలో ఆ కట్టడం ఎంత పురాతనమైనదో తర్వాతే తెలిసిందని రాశాడు. కొలోసియం గురించి! కాబట్టి మనవాళ్ళే ఇంత అని తిట్టుకోవడం దండగ.

గుంపుగా ఉంటే గీకేవాడి జోలికి పోకండి, పక్కన ఇబ్బందిగా నవ్వుతూ ఒకడు నిలబడి ఉంటాడు, వాడితో మాట్లాడండి, మిగతా పని వాడే చేస్తాడు. జంట అయితే "ఫోన్ ఇటివ్వండి, మీ ఇద్దరికీ మంచి ఫొటో తీస్తా" అనండి, వాళ్ళకు కావలసింది గుర్తే కదా. చిన్నపిల్లలైతే పిల్లల్ని కసరొద్దు, అమ్మానాన్నలకు చెప్పండి. ఒకసారి ఒక తండ్రి నన్నే నిలదీశాడు, "కింద జైల్లో రామదాసు గోడ మీద చెక్కలేదా సార్?" అని. ఆయన్ని తానీషా బంధించాడండీ, మీరు టికెట్ కొనుక్కుని వచ్చారు, సాయంత్రానికి గేటు దాటి ఇంటికి పోతారు అన్నాను. నవ్వేసి పిల్లాడి చేతిలో రాయి లాక్కున్నాడు.

చట్టం సంగతి మాట వినకపోతేనే ఎత్తండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి చట్టం కింద, 2010 సవరణ తర్వాత, రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఊరికే బెదిరింపు కాదు. 2019లో హంపిలో స్తంభాన్ని తోసి పడగొట్టిన కుర్రాళ్ళకు కోర్టు తలా 70,000 రూపాయలు జరిమానా వేసింది, వాళ్ళ చేతే మళ్ళీ నిలబెట్టించింది కూడా. వాళ్ళు దొరికింది బయటికొచ్చిన వీడియో వల్లే.

అయినా సరే, పేర్లు గీకేవాళ్ళ మొహాలు వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టొద్దంటాను నేను. ఇంట్లో తెలియకుండా వచ్చిన అమ్మాయి అందులో ఉంటే, గోడ మీద గీతకు ఆమెకు పడే శిక్ష ఏ చట్టంలోనూ ఉండదు. పైగా కింద కామెంట్లలో గోడ సంగతి మరిచిపోయి వీళ్ళ మతమేంటి, ఏ ఊరు, చదువుందా లేదా అని మొదలుపెడతారు. గోడ దగ్గరికెళ్ళి చూడండి, అన్ని మతాల పేర్లూ ఉన్నాయి, చదువు అంటారా, కాలేజీ పేరు బ్రాంచితో సహా రాసినవాళ్ళున్నారు. వీడియో ఉంటే పోలీసులకివ్వండి, అంతవరకే.

ఫొటో అయితే గీతది తీసుకోండి, చుట్టుపక్కల గుర్తుపట్టేట్టు కొంచెం దూరం నుంచి ఇంకొకటి. టైము చెప్పి గార్డుకో టికెట్ కౌంటర్లోనో చూపించండి. రాళ్ళు పీకుతున్నా, పగలగొడుతున్నా 112కి ఫోన్ చేసేయండి, మాటలతో ఆగే బాపతు కాదది. గార్డుని పిలిచాక మాత్రం చెప్పేశాం కదా అని జారుకోకండి. అంత పెద్ద కోటలో ఆ మూలకి ఆయన ఒక్కడే వస్తాడు, అవతల పదిమంది కుర్రాళ్ళు "మేం కాదు, ముందే ఉంది" అంటారు. నేను చూశాను అని చెప్పడానికి ఆయన పక్కన ఒక మనిషి ఉండాలి.