ఎమర్జింగ్ మార్కెట్లను చదవడం నేర్చుకుందాం – 3వ భాగం: వృద్ధి సరే, బాకీ ఎంత?

కిందటి భాగంలో సైజు సంగతి చూశాం. కొనుగోలు శక్తి లెక్కన (అంటే ఒక్కో దేశంలో డబ్బుకు ఎంత సరుకు వస్తుందో చూసి) ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 60 శాతం ఎమర్జింగ్, వర్ధమాన దేశాలదే, మామూలు డాలర్ రేటుతో లెక్కేస్తే అది 40 శాతం దగ్గరికి దిగుతుంది. ఎవరైనా ఒక అంకె పట్టుకుని వాదిస్తుంటే రెండోది అడగమని కూడా చెప్పుకున్నాం. ఇవాళ్టి పని వేరు. ఫలానా దేశం 8 శాతం పెరిగిందని వార్త రాగానే చప్పట్లు కొట్టకుండా, ఆ దేశం ఎవరికి, ఏ కరెన్సీలో, ఎన్నాళ్లలో తీర్చేలా బాకీ పడిందో చూడటం.

థాయ్‌లాండ్‌ని తీసుకుందాం, ఎందుకంటే దీనికంటే శుభ్రమైన ఉదాహరణ దొరకదు. 1990ల తొలి సగంలో ఏటా 8 శాతం అటూఇటూగా పెరిగింది, ప్రభుత్వ బడ్జెట్‌లో మిగులు కూడా ఉంది, పైపైన చూస్తే వంక పెట్టడానికేమీ లేదు. కానీ 1996లో కరెంట్ అకౌంట్ లోటు జీడీపీలో 8 శాతం దగ్గర తేలింది. అంటే దేశంలోకి సంపాదనగా వచ్చే డాలర్ల కంటే ఖర్చుగా పోయే డాలర్లు అంత ఎక్కువ. ఆ తేడాను పూడ్చినవాటిలో చాలా భాగం ఏడాదిలోపు తీర్చాల్సిన విదేశీ బ్యాంకు అప్పులే. థాయ్ కరెన్సీ బాత్ విలువను డాలర్‌కు 25 దగ్గర నిలిపి ఉంచారు కాబట్టి, రేటు ఎటూ పోదులే అన్న ధీమాతో కంపెనీలు తక్కువ వడ్డీకి డాలర్లు తెచ్చి రియల్ ఎస్టేట్‌లో పోశాయి. ఆదాయం బాత్‌లలో, అప్పు డాలర్లలో.

ఇప్పుడు కాగితం తీయండి. ఒక కంపెనీ 10 లక్షల డాలర్లు అప్పు తెచ్చిందనుకుందాం, 25 చొప్పున 2.5 కోట్ల బాత్‌లు. 1997 జూలై 2న ప్రభుత్వం బాత్‌ను మార్కెట్‌కి వదిలేసింది. 1998 జనవరికల్లా డాలర్ 50 బాత్‌లు దాటింది. అదే అప్పు ఇప్పుడు 5 కోట్ల పైమాటే. కొత్తగా ఒక్క డాలర్ తీసుకోలేదు, అద్దెలు పెరగలేదు, బాకీ మాత్రం రెట్టింపు. బ్యాలెన్స్ షీట్ చూసే అలవాటున్నవాళ్లకి ఇక చెప్పక్కర్లేదు.

మరి విదేశీ మారక నిల్వలు లేవా అంటే, ప్రకటించిన అంకె 30 బిలియన్ డాలర్ల పైనే. కాకపోతే బాత్‌ను కాపాడే ప్రయత్నంలో కేంద్ర బ్యాంకు ఫార్వర్డ్ కాంట్రాక్టుల (ఫలానా తేదీకి ఫలానా రేటుకు డాలర్లు ఇస్తామనే ఒప్పందాల) రూపంలో అందులో చాలా భాగం ముందే ఇస్తానని ఒప్పేసుకుంది. అందుకే నిల్వలు ఎంతున్నాయని కాదు, వాటిలో వాడుకోగలిగినవి ఎంత అని అడగాలి, ఏడాదిలో తీర్చాల్సిన అప్పుతో పోల్చి చూడాలి. నిల్వలు అంతకంటే తక్కువైతే, బ్యాంకులు అప్పును రెన్యూ చేయం అన్న రోజున దేశం చేతులెత్తేస్తుంది.

2013లో ఇదే పరీక్ష భారత్‌కి ఎదురైంది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ బాండ్ల కొనుగోలు తగ్గించొచ్చని మే నెలలో దాని అప్పటి ఛైర్మన్ బెర్నాంకీ అన్నాడో లేదో, విదేశీ పెట్టుబడులు వెనక్కి మళ్లి బ్రెజిల్, ఇండొనేషియా, టర్కీ, దక్షిణాఫ్రికాలతో పాటు మన రూపాయీ జారింది, 55 దగ్గరున్న డాలర్ ఆగస్టు చివరికి 68 తాకింది. 2012-13లో మన కరెంట్ అకౌంట్ లోటు 4.8 శాతం, అదే బలహీనత. అయినా థాయ్‌లాండ్‌లా కూలకపోవడానికి నా లెక్కలో పెద్ద కారణం, ప్రభుత్వ అప్పులో అత్యధిక భాగం రూపాయల్లోనే ఉండటం. రూపాయి పడితే ఆ బాకీ పెరగదు.

ఇంతకీ దీనికీ ప్రపంచ ఆర్థిక వ్యవస్థకీ సంబంధం ఏమిటి? 1997 దెబ్బ తిన్నాక ఆసియా దేశాలు మళ్లీ ఎవరి దగ్గరా చేయి చాచకూడదని నిల్వలు పోగేయడం మొదలెట్టాయి. చైనావైతే 2014లో దాదాపు 4 ట్రిలియన్ డాలర్లకు చేరాయి. ఆ డాలర్లను ఇంట్లో దాచుకోరుగా, పెద్ద మొత్తంలో అమెరికా ట్రెజరీ బాండ్లలో, అంటే అక్కడి ప్రభుత్వ అప్పు పత్రాల్లో పెట్టారు. అక్కడ దీర్ఘకాలిక వడ్డీ రేట్లు తక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణమని 2005లో బెర్నాంకీయే వాదించాడు. పెట్టుబడి ధనిక దేశాల నుంచి పేద దేశాలకు ప్రవహిస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి, ఇక్కడ జరిగింది తిరగేసి. ఎమర్జింగ్ మార్కెట్లంటే చవక కూలీ, కొత్త కస్టమర్లు అనుకునేవాళ్లు ఈ పాత్రను పూర్తిగా వదిలేస్తారు.

అభ్యాసం: ప్రపంచ బ్యాంకు డేటా సైట్లో టర్కీ, ఇండొనేషియాలకు రెండు వరుసలు తీయండి, జీడీపీలో కరెంట్ అకౌంట్ శాతం, మొత్తం నిల్వలతో పోలిస్తే స్వల్పకాలిక అప్పు ఎంత శాతమో. 2013 నుంచి తాజా సంవత్సరం దాకా పక్కపక్కన రాసుకోండి. రెండో వరుస 100 దాటిన చోటల్లా గుర్తు పెట్టి, ఆ ఏడాది ఆ దేశ కరెన్సీ ఏమైందో వెతకండి. 100 దాటినా ఏమీ కాని ఏళ్లు కూడా తగులుతాయి, వాటిని కొట్టేయకండి, 4వ భాగంలో పని మొదలుపెట్టేది వాటితోనే.