సద్దుల బతుకమ్మను ఇంట్లో పేర్చుకునే విధానం

బతుకమ్మ పండుగలో పూలనే గౌరీదేవిగా భావించి కొలుస్తాము కాబట్టి, పేర్చడమే ఇక్కడ అసలైన పూజ. అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలైన ఈ పండుగ తొమ్మిదో రోజున సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. ఆ రోజు పేర్చే బతుకమ్మ అన్నిటికంటే పెద్దది గనుక ముందు రోజు నుంచే సిద్ధపడాలి.

పొలం గట్ల మీద పూలు కోసుకునే వీలు హైదరాబాద్‌లో లేకపోయినా, పండుగ రోజుల్లో గుడిమల్కాపూర్, మోండా మార్కెట్లలోనూ, పెద్ద కూడళ్లలోనూ పల్లెల నుంచి వచ్చినవారు గునుగు, తంగేడు కట్టలుగా అమ్ముతారు. గునుగును ముందు రోజే కొనవచ్చు, అది తొందరగా పాడుకాదు. తంగేడు త్వరగా వడలి రాలిపోతుంది కాబట్టి ఆ ఉదయమే తెచ్చుకోవడం మంచిది. ఎన్ని రంగుల బంతిపూలు దొరికినా, తంగేడు లేని బతుకమ్మ నిండుగా ఉండదని నా అభిప్రాయం.

గునుగు కాడలను ఒకే పొడవుకు కత్తిరించి, చిన్న చిన్న కట్టలుగా దారంతో కట్టాలి. కొన్ని కట్టల కొసలను రంగునీళ్లలో ముంచి, దులిపి, నీడలో ఆరబెట్టాలి. ఈ రంగులన్నీ చివరికి చెరువులోనే కలుస్తాయి గనుక ఒకటి రెండు వరుసలకు మించి అద్దకుండా, మిగిలిన గునుగును దాని సహజమైన తెలుపులోనే ఉంచాలని కోరుతున్నాను.

స్నానం చేసి, ఇల్లు శుభ్రం చేసుకున్న తరువాత ఇత్తడి తాంబాళంలో గానీ సిబ్బిలో (గంజి వార్చే పళ్లెంలో) గానీ గుమ్మడి ఆకులు పరవాలి. వాటి అంచున తంగేడు పూలు బయటికి, కాడలు లోపలికి ఉండేలా మొదటి వరుసను గుండ్రంగా పేర్చాలి. ఆపైన గునుగు, దాని మీద బంతి, కట్లపూలు, చామంతి, మళ్లీ గునుగు, ఇలా ఒక్కో వరుసను కింది దానికంటే కొంచెం లోపలికి జరుపుతూ పోతే గోపురం ఆకారం వస్తుంది. ఇందులో అందరూ తొందరపడేది లోపలి భాగం విషయంలోనే. ప్రతి వరుస పూర్తికాగానే మధ్యలోని ఖాళీని తరిగిన ఆకులతో, మిగిలిన కాడలతో నింపి, అరచేతితో గట్టిగా అదమాలి. లోపల డొల్లగా ఉంటే నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వేయగానే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. శిఖరాన గుమ్మడి పువ్వు ఉంచాలి. పక్కనే తోడుగా ఒక చిన్న బతుకమ్మను కూడా పేర్చడం ఆనవాయితీ. దానిని పిల్లల చేత పేర్పిస్తే పని కూడా నేర్చుకుంటారు.

పసుపును కొద్ది నీళ్లతో గట్టిగా కలిపి, శంకు ఆకారంలో గౌరమ్మను చేసి, తమలపాకులో నిలిపి, కుంకుమ బొట్టు పెట్టి బతుకమ్మపై ఉంచాలి. దీపం, అగరువత్తులు వెలిగించి, చింతపండు పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం వంటి సద్దులను, రొట్టెలను బెల్లంతో కలిపి చేసే మలీదను నైవేద్యంగా సమర్పించాలి.

సాయంత్రం వాకిట్లోనో, అపార్ట్‌మెంట్ ఆవరణలోనో బతుకమ్మలన్నిటినీ నడుమ ఉంచి, చుట్టూ తిరుగుతూ చప్పట్లతో పాడుతూ ఆడాలి. పెద్దవారు పాట ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. తరువాత ట్యాంక్‌బండ్ దగ్గరి బతుకమ్మ ఘాట్‌కు గానీ, దగ్గరలోని చెరువుకు లేదా కొలనుకు గానీ తీసుకువెళ్లాలి. నీటిలో వదిలే ముందు గౌరమ్మను వేరుగా తీసి, ఆ పసుపును ముత్తైదువలు పుస్తెలకు అద్దుకుంటారు. ప్లాస్టిక్ పళ్లెం, థర్మాకోల్ వంటివి అడుగున వాడి ఉంటే వాటిని తప్పకుండా తీసివేసి, పూలను, ఆకులను మాత్రమే నీటిలో విడవాలి. చివరగా ‘ఇస్తినమ్మ వాయనం’, ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అనుకుంటూ వాయనాలు ఇచ్చిపుచ్చుకుని, సద్దులను, మలీదను అక్కడున్న అందరికీ పంచిపెట్టాలి.