జైల్లో ఉన్నవాళ్లు పైసా కట్టకుండా అప్పీలు వేసుకోవడం ఎలా

శిక్ష పడగానే ఇంటివాళ్లు అప్పు కోసం తిరగడం మొదలుపెడతారు. అప్పీలు కోసమే అయితే ఆ తిరుగుడు అక్కర్లేదు. ఖైదీ జైలు నుంచే పెట్టుకునే అప్పీలుకు కోర్టు ఫీజు లేదు. ఖైదీ పిటిషన్‌కు ఫీజు మినహాయింపు 1870 నాటి కోర్టు ఫీజుల చట్టం 19వ సెక్షన్‌లోనే ఉంది. లాయరు, టైపింగు, కాపీలు, తర్జుమా ఖర్చులు ఉచిత న్యాయసహాయం (లీగల్ ఎయిడ్) అందించే న్యాయసేవాధికార సంస్థ పెట్టుకుంటుంది. అప్పీళ్లు ఎక్కువగా చెడేది తేదీల దగ్గర, కాగితాల దగ్గర.

ముందు ఒక అపోహ తీరాలి. ఉచిత న్యాయసహాయం అనగానే తెల్ల రేషన్ కార్డు, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం కోసం పరిగెడతారు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో కస్టడీలో ఉండటమే ఒక అర్హత, ఆదాయ పరిమితి వేరే అర్హత. రెంటిలో ఒకటి చాలు. మండలాఫీసు చుట్టూ తిరిగిన రోజులన్నీ అప్పీలు గడువులోంచే పోతాయి.

మొదటి పని తీర్పు కాపీ. అప్పీలుకు వీలున్న కేసులో ముద్దాయి అడిగితే సర్టిఫైడ్ కాపీ ఉచితంగా ఇవ్వాలి (క్రిమినల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 404వ సెక్షన్, పాత చట్టం సీఆర్‌పీసీలో 363). ఇంగ్లిషు చదవలేకపోతే, వీలున్నంతలో సొంత భాషలో తర్జుమా అడగొచ్చు. కాపీని జైలు అధికారి ఖైదీ చేతికిచ్చి సంతకం తీసుకోవాలని 1978లో హోస్కాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, శిక్ష పడ్డాక మనిషిని సబ్ జైలు నుంచో జిల్లా జైలు నుంచో సెంట్రల్ జైలుకు మారుస్తారు, కాపీ పాత జైల్లోనే ఉండిపోతుంది. మారిన వారంలోపే ‘నా తీర్పు కాపీ రాలేదు’ అని సూపరింటెండెంటుకు రాసివ్వాలి.

గడువు లెక్క జాగ్రత్తగా చూడండి. మేజిస్ట్రేటు వేసిన శిక్షపై సెషన్స్ కోర్టుకు 30 రోజులు. సెషన్స్ జడ్జి, అదనపు సెషన్స్ జడ్జి వేసిన శిక్షపై హైకోర్టుకు 60 రోజులు, ఉరిశిక్ష అయితే 30. తీర్పు రోజును లెక్కలోకి తీసుకోరు. కాపీ తయారవడానికి పట్టిన రోజులూ మినహాయిస్తారు. ఉదాహరణకు 2025 జనవరి 10న సెషన్స్ తీర్పు వచ్చింది, 12న కాపీ అడిగారు, ఫిబ్రవరి 2న సిద్ధమైంది. ఆ రెండు తేదీలూ కలుపుకుని మధ్యలో పోయినవి 22 రోజులు. 60కి 22 కలిపితే 82, అంటే ఏప్రిల్ 2 వరకు టైముంది. కాపీ మీద ఉండే ముద్రలో అడిగిన తేదీ, సిద్ధమైన తేదీ కనిపిస్తాయి. జిరాక్సు తీసేటప్పుడు ఆ ముద్ర ఉన్న పేజీ వదిలేయకండి, లెక్కంతా దాని మీదే.

గడువు దాటిందని వదిలేయనక్కర్లేదు. గడువుల గురించి చెప్పే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. ‘పేదవాణ్ణి, తెలియలేదు’ అన్న ఒక్క ముక్కతో సరిపెడితే పిటిషన్‌కు బలం ఉండదు. కాపీ ఏ రోజు చేతికొచ్చింది, ఏ జైలు నుంచి ఏ జైలుకు ఎప్పుడు మార్చారు, లీగల్ ఎయిడ్ ఎప్పుడు అడిగారు, ఇవన్నీ తేదీలతో సూపరింటెండెంటు దగ్గర రాయించుకుని జతచేయాలి.

ఇక పిటిషన్. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా పనికొస్తుంది. పై భాగంలో పేరు, తండ్రి పేరు, ఖైదీ నంబరు, సెషన్స్ కేసు నంబరు, కోర్టు, తీర్పు తేదీ, పోలీస్ స్టేషన్, క్రైం నంబరు, సెక్షన్లు, శిక్ష, జుర్మానా, రిమాండులో గడిపిన రోజులు ఉండాలి. కింద కారణాలు. ‘నేను నిర్దోషిని, దయతో వదిలేయండి’ అంటే చదివే లాయరుకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ‘పీడబ్ల్యూ3 (ప్రాసిక్యూషన్ మూడో సాక్షి) రాత్రిపూట నన్ను చూశానన్నాడు, అక్కడ లైటు లేదు. ఎఫ్‌ఐఆర్‌లో నా పేరు లేదు. కత్తి నా దగ్గర దొరకలేదు’ అని రాస్తే అతనికి దారి దొరుకుతుంది. నేరం ఒప్పుకున్నాక పడ్డ శిక్ష అయితే సాధారణంగా శిక్ష ఎంత, అది చట్టబద్ధమేనా అన్నంత వరకే అప్పీలు.

సంతకమో వేలిముద్రో వేసి, తీర్పు కాపీతో కలిపి జైలు అధికారికి ఇవ్వాలి. దాన్ని సరైన కోర్టుకు పంపే బాధ్యత ఆయనది (బీఎన్‌ఎస్‌ఎస్ 424, పాత 383). ఇచ్చిన రోజునే రశీదో, పంపిన లెటరు నంబరో అడిగి రాసుకోవాలి. ములాఖత్‌కు వచ్చినవాళ్లకు అది చెబితే వాళ్లు బయట ఆరా తీయగలరు. ఇంటివాళ్లు ఈలోగా ప్రైవేటు లాయరును పెట్టి ఉంటే ఆ సంగతి పిటిషన్‌లోనే రాయాలి. ఒకే తీర్పు మీద ఒకరికి తెలియకుండా ఒకరు రెండు అప్పీళ్లు వేస్తే లేనిపోని చిక్కు.

లాయరు కోసం జైల్లోని లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో పారా లీగల్ వాలంటీరు దగ్గర దరఖాస్తు ఉంటుంది. హైకోర్టు అప్పీళ్లు హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి, సెషన్స్ అప్పీళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్తాయి. లాయరుకు వాదించే అధికారం ఇచ్చే వకాల్తా కాగితం మీద ఖైదీ సంతకాన్ని జైలు అధికారి ధ్రువీకరించాలి.

అప్పీలు వేసినంత మాత్రాన బయటికి రారు. శిక్ష నిలిపివేసి బెయిలు ఇవ్వమని వేరే పిటిషన్ వేయాలి (బీఎన్‌ఎస్‌ఎస్ 430). ఈ మాట లాయరుకు గుర్తుచేయాల్సింది మీరే. బెయిలు వచ్చినా జామీను దొరక్క లోపలే ఉంటే, ఏడు రోజుల తర్వాత జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలలోపు పూచీలు ఇవ్వలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు పరిశీలించవచ్చు.

జుర్మానా వేరే లెక్క. అది ఫీజు కాదు, శిక్షలో భాగం, లీగల్ ఎయిడ్ కట్టదు. జుర్మానా కట్టలేక లోపలే ఉండిపోయినవాళ్ల కోసం కేంద్ర హోంశాఖ పేద ఖైదీల పథకం ఉంది. 2023 మార్గదర్శకాల్లో జిల్లా స్థాయిలో మంజూరయ్యేది రూ.25,000 వరకు, అంతకు మించితే రాష్ట్ర స్థాయి కమిటీ ఆమోదం కావాలి.

అప్పీలు పంపి నెల దాటినా అప్పీలు నంబరు తెలియకపోతే ఇంటివాళ్లు లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసి ఖైదీ పేరు, కేసు నంబరు, జైలు లెటరు తేదీ చెప్పి అడగాలి. హైకోర్టులో కొట్టేస్తే సుప్రీంకోర్టుకు మామూలుగా 90 రోజులు. అక్కడికీ దారి మళ్లీ సూపరింటెండెంటు గది నుంచే.