నడుం నొప్పి: స్కాన్‌కి పరిగెత్తే ముందు నొప్పి ఏం చెప్తోందో వినండి

నడుం పట్టేయగానే చాలామంది మొదట అడిగేది ఎంఆర్ఐ తీయించాలా అని. నొప్పి లేని మనుషులకి స్కాన్ తీసినా 50 ఏళ్ల వయసులో సగం మందికి పైగా డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బి కనిపిస్తుందండి, కాబట్టి రిపోర్ట్‌లో ఆ మాట చూసినంత మాత్రాన మీ నొప్పికి కారణం అదే అనుకోవద్దు. నొప్పి ఎటు పాకుతోంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఎలా ఉంటే తగ్గుతోంది, ఈ మూడూ గమనిస్తే సగం దారి తెలిసిపోతుంది.

ముందు ఇవి లేవని చూసుకోండి

మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం, తెలీకుండా పోవడం, మోషన్ మీద కంట్రోల్ లేకపోవడం, తొడల మధ్య మలద్వారం చుట్టూ మొద్దుబారడం, రెండు కాళ్లూ బలం తగ్గడం. వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్ను చివర నరాల కట్ట మొత్తం నొక్కుకుపోతున్నప్పుడు ఇలా అవుతుంది, అప్పుడు ఆపరేషన్ తప్పకపోవచ్చు, ఆలస్యం చేస్తే ఆ నష్టం అలాగే ఉండిపోవచ్చు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండటం, కింద పడ్డాక మొదలైన నొప్పి, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడటం, ఇవి ఉన్నా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా త్వరగా డాక్టర్‌కి చూపించండి.

వంగి లేవబోతే పట్టేసింది, నొప్పి నడుం దగ్గరే ఉంది, మహా అయితే పిరుదుల దాకా

ఎక్కువమందిది ఇదే. కండరమో, ఎముకల్ని కలిపి పట్టే లిగమెంటో, వెన్నుపూసల మధ్య చిన్న కీలో, ఫలానా చోటని తేల్చి చెప్పడం డాక్టర్‌కి కూడా కష్టమే, చెప్పకపోయినా ట్రీట్‌మెంట్ మారదు. వేడి కాపడం పెట్టండి, ఓర్చుకోగలిగినంత నడవండి, చాలామందికి కొన్ని వారాల్లో బాగా తగ్గుతుంది. మంచం మీదే ఉండిపోవద్దు. నేను మొదటిసారి భయపడి పది రోజులు మంచం దిగలేదు, పదకొండో రోజు లేస్తే నొప్పి కంటే కాళ్ల వణుకే ఎక్కువైంది, గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్లాను.

లేచేటప్పుడు వెల్లకిలా పడుకుని తిన్నగా లేవబోతే ప్రాణం పోయినట్టుంటుంది. మోకాళ్లు మడవండి, భుజం నడుం రెండూ కలిపి ఒకేసారి పక్కకి దొర్లండి, కాళ్లు మంచం కిందకి వేలాడేస్తూ అదే టైంలో చేత్తో పరుపుని నొక్కి పైకి లేవండి.

మాత్రల సంగతికొస్తే పారాసెటమాల్ ఒక్కటే వేసుకుంటే పెద్దగా ఉపయోగం లేదని 2014లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో తేలింది. ఇబుప్రొఫెన్ లాంటివి కొంత పనిచేస్తాయి కానీ అల్సర్, కిడ్నీ సమస్య, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు.

పిరుదు నుంచి పిక్క దాకా కరెంట్ కొట్టినట్టు లాగుతోంది, తుమ్మితే ఇంకా ఎక్కువ

ఇది నరం నొప్పి, సయాటికా అంటారు, ఎక్కువగా కింది రెండు డిస్కుల్లో ఒకటి నరాన్ని ఒత్తడం వల్ల వస్తుంది. పక్కన పట్టుకోడానికి ఏదైనా ఉంచుకుని మడమల మీద నాలుగడుగులు, తర్వాత మునివేళ్ల మీద నాలుగడుగులు నడిచి చూడండి. ఒక కాలు ఆగలేకపోతే, పాదం పైకి లేవక చెప్పు జారిపోతుంటే, బలం తగ్గుతోందని అర్థం, అప్పుడు డాక్టర్‌ని కలవడం వాయిదా వేయకూడదు, అప్పుడు స్కాన్ కూడా అవసరం కావచ్చు.

బలం బాగానే ఉంటే కంగారు వద్దు, బయటికొచ్చిన డిస్క్ ముక్కని చాలాసార్లు శరీరమే కరిగించుకుంటుంది, నెలలు పట్టొచ్చు. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తి చూడండి, పిక్కలో నొప్పి తొడకి, తొడలోది నడుంకి వెనక్కి వస్తుంటే, నడుం దగ్గర కాస్త పెరిగినా సరే, అది మీకు సరిపడే వ్యాయామం. కాలు కిందకి ఇంకా పాకుతుంటే ఆపేసి ఫిజియోథెరపిస్ట్‌తో వేరేది చేయించుకోండి.

నడిస్తే కాళ్లు బరువెక్కుతాయి, కూర్చుంటే హాయి

వయసు మీదపడిన వాళ్లలో వెన్నులో నరాల దారి ఇరుకైతే ఇలా ఉంటుంది, ముందుకి వంగి నడిస్తే హాయిగా ఉంటుంది. సైకిల్ తొక్కడం, మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోవడం వీళ్లకి బాగా పడతాయి. వంగకుండా ఊరికే నిలబడితేనే తగ్గుతుంటే మాత్రం కాళ్ల రక్తనాళాలు చూపించుకోండి.

పొద్దున్నే అరగంట పైన బిగుసుకుని, తిరిగితే తగ్గుతోంది

45 లోపు వయసులో మొదలై మూడు నెలలు దాటితే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) కావచ్చు. కీళ్లవాతం చూసే రుమటాలజిస్ట్‌ని కలవండి, వ్యాయామం కావాలి కానీ ఒక్క వ్యాయామంతో సరిపోదు.

ఏ ప్రమాద సూచనా లేదు, అయినా నెలల తరబడి పోవట్లేదు

ఇక్కడ నొప్పితో పాటు భయం కూడా పనిచేస్తుంది, వంగితే ఏదో విరిగిపోతుందని కదలం, కదలక కండరాలు నీరసిస్తాయి, నిద్ర పట్టదు, నొప్పి ఇంకా గట్టిగా తెలుస్తుంది. నేను రోజుకి మూడుసార్లు ఐదేసి నిమిషాల నడకతో మొదలుపెట్టాను, వారానికి రెండేసి నిమిషాలు పెంచాను, బాగున్న రోజు కూడా లెక్క దాటలేదు, బాగోని రోజు తగ్గించానే తప్ప మానలేదు. మూడో నెలలో ఒకరోజు కింద పడ్డ తాళంచెవి వంగి తీశాక గానీ గుర్తు రాలేదు, భయపడకుండా వంగానని.