జ్ఞాపకాలు రాద్దాం - 4: అప్పటి మీరు, ఇప్పటి మీరు

పోయిన పాఠంలో మీ జీవితంలోంచి ఒక్క సంఘటన తీసుకుని ఒక పేజీ రాయమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, దానితో పనుంది.

మన స్వీయచరిత్రలు చాలావరకు పుట్టిన ఊరు, వంశం, చదువు, ఉద్యోగాలు, సన్మానాలు అంటూ సాగిపోతాయి. అన్నీ నిజాలే, అయినా ముప్ఫై పేజీలు దాటేసరికి పుస్తకం పక్కన పెట్టేస్తాం. ఏం జరిగిందో తెలుస్తుంది గానీ, జరుగుతున్నప్పుడు ఆ మనిషి లోపల ఏముందో తెలియదు.

గాంధీ ఆత్మకథలో దొంగతనం గురించిన అధ్యాయం చూడండి. (ఆ పుస్తకం కూడా 1925 నుంచి 1929 దాకా ‘నవజీవన్’ పత్రికలో వారం వారం వచ్చిందే. విడతలుగా రాయడానికి వెనకాడకండి.) ఆయనకి పదిహేనేళ్లు. అన్నకి పాతిక రూపాయల దాకా అప్పుంది. అన్న చేతికున్న బంగారు కడియంలోంచి చిన్న ముక్క తీశారు, అప్పు తీరింది. మనసు మాత్రం ఊరుకోలేదు. తండ్రికి చెప్పాలి, నోరు రాదు. కొడతారని కాదు, ఆయన బాధపడతారని భయం. చివరికి చీటీ రాసి, శిక్ష వెయ్యమని అడిగి, చేతికిచ్చారు. జబ్బుతో చెక్కబల్ల మీద పడుకున్న తండ్రి లేచి కూర్చుని చదివారు. కన్నీళ్లతో కాగితం తడిసింది. కాసేపు కళ్లు మూసుకుని, చీటీ చింపేసి, మళ్లీ పడుకున్నారు.

తండ్రి ఒక్క మాటా అనలేదు. ‘మా నాన్న దయామయుడు’ అన్న వాక్యం అక్కడ అవసరమే లేదు. చింపిన చీటీ ఆ పని చేసేసింది. నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది ఆ తర్వాత గాంధీ చేసిన పని. ఆ రోజు తనకి కనిపించింది తండ్రి ప్రేమ ఒక్కటేనని, అది అహింస అని ఇప్పుడు తెలుస్తోందని రాశారు. యాభై దాటిన మనిషికి తెలిసినదాన్ని పదిహేనేళ్ల కుర్రాడి బుర్రలో పెట్టలేదు. ఇద్దరినీ విడివిడిగా నిలబెట్టారు. ఆ ఇద్దరి మధ్య దూరాన్ని చూడటానికే పాఠకుడు పేజీ తిప్పుతాడు.

ఇప్పుడు మీ పేజీ. ‘నాన్న సైకిల్ అమ్మి నా ఫీజు కట్టాడు, ఎంత గొప్ప త్యాగం!’ అని రాశారనుకుందాం. పదో తరగతిలో మీకు తట్టింది త్యాగం కాదు, రేపటి నుంచి బడికి నడవాలన్న చిరాకు. రాయడానికి కాస్త సిగ్గుగా ఉంటుంది, అయినా అదే రాయండి. ఆ చిరాకు లేకపోతే తర్వాత వచ్చిన కృతజ్ఞతని ఎవరూ నమ్మరు.

పెన్సిల్‌తో చదువుతూ, మీకు తర్వాతెప్పుడో అర్థమైన ప్రతి మాట కిందా గీత గీయండి. అవన్నీ సంఘటనలోంచి తీసేసి, చివర్లో రెండు మూడు వాక్యాలకి కుదించండి. గీతలు ఎక్కువొస్తే టెన్షన్ పడొద్దు, మొదటిసారి అందరికీ అలాగే వస్తాయి. తిరగరాసిన పేజీని పైకి చదివి, దాచిపెట్టండి. బతికున్న బంధువుల గురించి ఎంతవరకు రాయొచ్చన్నది వచ్చే పాఠంలో ఈ పేజీతోనే చూద్దాం.