సైట్‌లో సెర్చ్ పెట్టే ముందు డేటాను ఎలా సర్దుకోవాలి?

మీది వంటల సైట్ అనుకుందాం. ఎవరో పుంటికూర అని వెతికారు, ఒక్క వంటకమూ రాలేదు. గోంగూర వంటకాలేమో బోలెడు ఉన్నాయి. సెర్చ్ ఇంజిన్‌ని తిట్టి లాభం లేదు, మనమిచ్చిన డేటాలో ఆ మాటే లేదు. సెర్చ్ ఇంజిన్లలో అల్గోలియా వాడినా, ఎలాస్టిక్‌సెర్చ్ వాడినా ఈ పని మనదే.

1. రికార్డు అంటే ఏమిటో తేల్చుకోండి. ఫలితాల్లో ఒక వరుసగా కనిపించాల్సింది ఒక రికార్డు. ఒక్కో వంటకానికీ ఒక్కోటి చాలు. ఆవకాయ, మాగాయ, ఉసిరికాయ అన్నీ ఉన్న పొడవాటి ఊరగాయల వ్యాసాన్ని మాత్రం ఉపశీర్షికల దగ్గర ముక్కలు చేయండి. ప్రతి ముక్కలోనూ అసలు పేజీ ఐడీ ఉంచండి. లేకపోతే ఒకే పేజీ ఐదుసార్లు వస్తుంది. దీన్ని ఆపడానికి అల్గోలియాలో డిస్టింక్ట్, ఎలాస్టిక్‌సెర్చ్‌లో కొలాప్స్ అనే సదుపాయాలు ఉన్నాయి, ఆ ఐడీని బట్టి అవి ఒకే పేజీ ముక్కల్ని కలిపేస్తాయి.

2. దేని గది (ఫీల్డ్) దానికి ఇవ్వండి.

పేరు: గోంగూర పప్పు
వేరే పేర్లు: పుంటికూర పప్పు
దినుసులు: గోంగూర, కందిపప్పు, పచ్చిమిర్చి
రకం: పప్పు
నిమిషాలు: 40
తేదీ: 1718409600

సమయం "40 నిమిషాలు" అని రాస్తే అది అక్షరాల వరుసలో పడుతుంది, 100 వచ్చి 40 కంటే ముందు కూర్చుంటుంది. తేదీ కూడా అంతే. పైన ఉన్నది 2024 జూన్ 15, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లలో. రకానికి ముందే ఒక జాబితా రాసుకోండి. ఒకరు పప్పు, ఇంకొకరు పప్పులు అని ఎక్కిస్తే ఫిల్టర్‌లో రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి.

3. చెత్త తీసేయండి. మెనూ, ఫుటర్, ముఖ్యంగా "ఇవి కూడా చదవండి" డబ్బా. అందులో గోంగూర చికెన్ లింక్ ఉంటే, గోంగూర అని వెతికినవాళ్ళకి ఇడ్లీ పేజీ కూడా వస్తుంది!

4. తెలుగు తంటాలు చూసుకోండి. ఎక్కువ టైమ్ తినేది ఇదే. ఫ్రైడ్‌రైస్ అని విడిగా కనబడాలంటే మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉండాలి, యూనికోడ్‌లో దాని నంబర్ 200సి. అది కొట్టనివాళ్ళకి ఫ్రైడ్రైస్ అని పడుతుంది. మనకు రెండూ ఒకటే, మెషీన్‌కి కాదు. కాబట్టి ఇండెక్స్‌లోకి (ఇంజిన్ వెతికే జాబితాలోకి) వెళ్ళే మాటలోంచీ, వెతికే మాటలోంచీ దాన్ని తీసేయండి. తెరమీద చూపించడానికి అసలు రూపాన్ని వేరే ఫీల్డ్‌లో దాచుకోండి.

విభక్తులు ఇంకో తలనొప్పి. గోంగూర అని కొడితే "గోంగూరతో" దొరుకుతుంది, ముందు అక్షరాలు కలిస్తే చాలనేలా ఇంజిన్ వెతుకుతుంటే. గుడ్డు అని కొడితే మాత్రం "గుడ్ల పులుసు" దొరకదు. ఇలాంటివి వేరే పేర్లలో చేతితో రాయడమే నయం, పెద్ద సైట్ కాకపోతే.

5. వెతికిన మాట ఏ గదిలో దొరికితే పైన చూపాలో ఇంజిన్‌కి వరుస చెప్పండి: ముందు పేరు, తర్వాత వేరే పేర్లు, దినుసులు, చివర తయారీ విధానం. సమానంగా వస్తే ఎక్కువమంది చూసినది పైకి.

6. వారానికోసారి ఏమీ దొరకని వెతుకులాటల లిస్టు తీయండి. ఒక్క వంటకానికే సంబంధించిన పేరైతే ఆ రికార్డులో చేర్చండి. సొరకాయ, ఆనపకాయ లాంటి జంటల్ని ఇంజిన్ పర్యాయపదాల జాబితాలో ఒక్కసారి రాస్తే చాలు, ప్రతి రికార్డూ తెరవక్కర్లేదు.